తిట్లు లేని కరపత్రం

ఆత్మకూరు,
కర్నూలు జిల్లా,
30 మార్చి 2008.

గౌరవనీయులైన ఉదయశ్రీ మేడం గారికి,

సైఫుల్లా నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నా భార్య గౌసియా, మా అంగట్లో అద్దెకిచ్చే మైకుసెట్లు, మా ఊరి కరెంటు కోతలు అన్నీ క్షేమం. కడపలో మీరు క్షేమమేనని, నాకు సున్నా వేసిన మీ చెయ్యి కూడా క్షేమంగానే ఉందని తలుస్తాను.

కంప్యూటర్లో చదువుకునే విద్యార్థి టీచరుకు కాగితం మీద ఉత్తరం రాయడమేమిటని ఎవరైనా నవ్వితే, ఆ నవ్వు మీ యూనివర్సిటీకే చెందుతుంది. సంతకంతో సంజాయిషీ కావాలని అడిగింది మీరే. "సాహిత్య పరిచయం, రచన" కోర్సులో ఆరో పాఠానికి నేను పంపిన వ్యాసం నా సొంతం కాదన్నారు. "బాధితులు" అనే పేరుతో అచ్చయిన ఒక కరపత్రంలోంచి పొల్లు పోకుండా ఎత్తి రాశానన్నారు. ఆ కరపత్రం నా వ్యాసం కన్నా ముందే మీకు తపాలాలో అందిందన్నారు. పదిహేను రోజుల్లో సరైన జవాబు రాకపోతే కోర్సులోంచి నా పేరు కొట్టేస్తామన్నారు.

సంజాయిషీ తప్పు చేసినవాడు ఇచ్చుకుంటాడు. నేనిచ్చేది వాదన. బస్సెక్కి కడపకొచ్చి మీ ఎదురుగా నిలబడి కూడా వాదించగలను. నోటితో అయితే నేను గెలుస్తాను, నా గొంతు అలాంటిది, మైకు అక్కర్లేదు. కానీ మీరు నేర్పింది రాయడం కాబట్టి రాసే గెలవాలని కూర్చున్నాను.

ముందు ముఖ్యమైన సంగతి. ఆ కరపత్రం రాసింది నేను. ఆ "బాధితులు" నేను.

మరి దానిమీద నీ పేరేదీ అంటారు. మేడం, ముప్పై ఏళ్లుగా కరపత్రాలు రాస్తున్నాను. ఒక్కదానిమీద కూడా నా పేరుండదు. పిరికితనం అనుకోకండి, మా పద్ధతే అది. పేరు వేస్తే జనం ముందు పేరు చదువుతారు. సైఫుల్లా అని కనబడిందా, తాగునీళ్ల గురించి రాసినా, రేషను బియ్యం గురించి రాసినా, సగం మంది "ఓహో, ఆ సాయిబు రాసినాడా" అని అక్కడికక్కడే మడిచి జేబులో పెట్టుకుంటారు. మిగిలిన సగం మంది సాయిబు రాశాడు కాబట్టి మెచ్చుకుంటారు. నాకు రెండూ వద్దు. అడుగున "బాధితులు" అని ఉంటే చదివేవాడు తానందులో ఉన్నాడో లేడో చూసుకుంటాడు. నాకు కావలసింది అదే.

ఇక మీ కోర్సు. సాహిత్యం మీద ప్రేమ పొంగి నేను చేరలేదు. కర్నూలులో డిగ్రీ చివరి ఏడాది సమ్మెల్లో తిరిగి వదిలేసినవాణ్ణి. యాభై దాటాక, డిగ్రీ లేనివాళ్లు కూడా ఇంట్లో కూర్చుని సాహిత్యం చదువుకోవచ్చని మీ ప్రకటన చూశాను. రాజుల్ని పొగిడిన పద్యాలు, రాజులు లేని రోజుల్లో పూలను పొగిడిన పద్యాలు తప్ప ఇందులో ఏముంటుంది, మొదటి వారంలోనే నాలుగు దులిపి బయటికొద్దామని చేరాను. దులిపాను కూడా. మీకు గుర్తుండే ఉంటుంది. "మీరు ఎవరి కోసం రాస్తారు?" అన్న మొదటి ప్రశ్నకు నేను పేజీలకు పేజీలు పంపాను. నెట్ సెంటర్లో ఉక్కపోతలో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు పడే ఆ ఏర్పాటును తిట్టుకుంటూ ఒక్కో అక్షరం ఏరి కొట్టాను. నా భాష నా ఊళ్లో నా దగ్గరికి రావడానికి ఇంగ్లీషు మెట్లెక్కి రావాలా? ఈ ప్రశ్నకు మీ యూనివర్సిటీ ఇంతవరకు జవాబివ్వలేదు. అది వేరే తగాదా, తర్వాత చూసుకుందాం.

నన్ను నిలబెట్టింది మీ నాలుగో పాఠం. ఊళ్లో మీకు తెలిసిన మనిషి గురించి రాయమన్నారు. మా వారం సంతలో తైబజారు వసూలు చేసే కాంట్రాక్టరు గురించి రాశాను. సంతలో గంప దించినందుకు చీటీ చింపి ఇచ్చి డబ్బులు తీసుకునే పెద్దమనిషి. జలగ అన్నాను, రాబందు అన్నాను, పేదల నెత్తురుతో మీసం తడుపుకునేవాడన్నాను. ప్రతి వాక్యానికి ఆశ్చర్యార్థకం పెట్టాను. మంచి మార్కులొస్తాయని కాళ్లూపుకుంటూ కూర్చున్నాను. మీరు ఇలా రాశారు: "ఇందులో ఆయన గురించి మీ కోపం ఉంది. ఆయన లేరు. ఆయన చొక్కా ఏ రంగు?"

నాకు ఒళ్లు మండింది. దోపిడీకి రంగేమిటి మేడం అని వెంటనే కొట్టి పంపాను. మీ జవాబు ఒక్క లైను. "దోపిడీకి ఉండదు. చొక్కాకు ఉంటుంది."

మీకు నా కూతురి వయసు ఉంటుందేమో. అంత చిన్నపిల్ల ఒక్క లైనుతో నా నోరు మూయించడం నాకు బాధగా ఉండాలి. లేదు. ఇంటికొచ్చి గౌసియాకు చెప్పి నవ్వాను. "నీ నోరు మూయించేటోళ్లు గూడా పుట్టినారా? ఆ మేడం గారికి నా పేర సలాం చెప్పు" అంది గౌసియా. ఇప్పుడు చెబుతున్నాను, ఇదే ఆ సలాం.

ఆ వారం సంతకు పోయాను. చొక్కా చూడ్డానికే పోయాను. ఇన్నేళ్లు సంత గురించి రాశానే గాని సంతలో పొద్దంతా కూర్చున్నది లేదు. కూరగాయలు కొనుక్కుని, కాంట్రాక్టరును రెండు మాటలని ఇంటికి పోయేవాణ్ణి. ఆరోజు ఎండు మిరపకాయలు అమ్మే హుసేనమ్మ పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏం నాయనా, గౌసియా ఇంట్లోంచి ఎల్లగొట్టిందా?" అనడిగింది. సంతంతా నవ్వింది.

అప్పుడు చూశాను మేడం. మా సంతలో చెట్టు లేదు. పొడుగాటి గోడ ఒకటి ఉంది, పాత గిడ్డంగిది. పొద్దున దాని నీడ పడమటి పక్క పడుతుంది. ఆడవాళ్లంతా గంపలు దించుకుని ఆ నీడలో వరసగా కూర్చుంటారు. కాంట్రాక్టరు వచ్చి చీటీలు చింపుతాడు. ఎండ ఎక్కేకొద్దీ నీడ గోడవైపు జరుగుతుంది. దాంతోపాటు వీళ్లూ జానెడు జానెడు జరుగుతారు, బేరం ఆపకుండా, తక్కెడ దించకుండా. నడి మధ్యాహ్నానికి నీడ గోడలోకి దూరిపోతుంది. వీపులు గోడకు ఆనించి కొంగులు నెత్తిన కప్పుకుంటారు. తర్వాత నీడ తూర్పు పక్కన మొదలవుతుంది. అప్పుడు సంత సంతంతా లేచి, గంపలెత్తుకుని, గోడ చుట్టూ తిరిగి అవతలికి పోతుంది. కాంట్రాక్టరు మళ్లీ వస్తాడు. చోటు మారింది కాబట్టి కొత్త చీటీ.

నీడతో జరిగినందుకు రెండో వసూలు. ఇన్నేళ్లు ఆయన్ను జలగ అన్నాను గాని ఎలా పీలుస్తాడో నాకు తెలియదు.

అతని చొక్కా లేత పసుపు. జేబు కింద రూపాయి బిళ్లంత ఇంకు మరక.

ఆరో పాఠంలో, ఒక చోటును మీ అభిప్రాయం చెప్పకుండా వర్ణించండి అన్నారు. అభిప్రాయం లేకుండా రాయడమంటే నాకు ఊపిరి బిగబట్టడమే. అయినా రాశాను. "ఎండ గోడ దాటి హుసేనమ్మ కాలి మెట్టెల మీదికి వచ్చింది. ఆమె కాలు వెనక్కి లాక్కుంది. కొంచెంసేపటికి గంప కూడా లాక్కుంది." ఇలా మొదలుపెట్టాను. పసుపు చొక్కా, ఇంకు మరక కూడా పెట్టాను. చివర డిమాండ్లు రాయడానికి చెయ్యి లాగింది. నా కరపత్రాలన్నీ "వెంటనే" అనే మాటతో ముగుస్తాయి. దీన్ని మాత్రం గోడ అవతల రెండో చీటీ చింపిన చప్పుడు దగ్గర ఆపేశాను.

ఇక్కడ నేను చేసిన పని వినండి. పాఠం అడుగున మీరొక సూచన ఇచ్చారు. వ్యాసం పంపేముందు కొందరు పాఠకులకు చూపించి వాళ్లేమంటారో తెలుసుకోండి అన్నారు. మీ లెక్కలో కొందరు పాఠకులంటే భార్య, స్నేహితుడు, పక్కింటాయన కావచ్చు. నాకు అలవాటైన లెక్క వేరు. కొందరు పాఠకులంటే రెండు వేల కాపీలు. వ్యాసం తీసుకుపోయి నాగసుబ్బయ్య శెట్టి ప్రెస్సులో ఇచ్చాను. మామూలుగానే అడుగున "బాధితులు" అని పడింది. బొజ్జన్న సంతలో పంచాడు. బొజ్జన్న మా గోడపత్రికలు అతికించేవాడు, మైకు పట్టుకుని ఆటోలో తిరిగేవాడు, అన్నీ అతనే.

ఆ వారంలోనే రోడ్డు తవ్వుతూ ఎవరో కేబుల్ తెంపారు. ఊళ్లో నెట్ పోయింది. అది మళ్లీ వచ్చాకే నా వ్యాసం మీకు చేరింది. ఈలోగా ఎవడో కరపత్రాన్ని కవర్లో పెట్టి మీకు పంపాడు. కంప్యూటర్ కన్నా పోస్టుమాన్ ముందు చేరిన ఊరు మాది. అందుకే కాపీ కొట్టినట్టు కనబడింది. జరిగింది ఇంతే.

కరపత్రం వల్ల ఏమైందో కూడా చెప్పాలి, మీ పాఠానికి సంబంధం ఉంది కాబట్టి. ఇంతకుముందు ఆ కాంట్రాక్టరు మీద మూడు కరపత్రాలు వేశాను. ఆయన వాటిలో మిరపకాయ బజ్జీలు చుట్టించుకుని నా ఎదురుగానే తిన్నాడు. ఈసారి జనం ఆయన ముఖం చూడలేదు, జేబు చూశారు. కూరగాయలకొచ్చిన ఆడవాళ్లు "అదోమ్మే, ఇంకు మరక" అని మోచేతులతో పొడుచుకున్నారు. ఆ తర్వాతి వారం తెల్లచొక్కాలో వచ్చాడు. పడమటి పక్క చీటీలు చింపాడు. సంత గోడ దాటాక తూర్పు పక్కకు వచ్చి, అటూ ఇటూ తిరిగి, చీటీల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పై వారం అసలు తూర్పు పక్కకే రాలేదు. జలగ అన్నందుకు సిగ్గుపడనివాడు చొక్కా గురించి రాస్తే సిగ్గుపడ్డాడు! ఈ ఒక్క ఆశ్చర్యార్థకం నాకు వదిలెయ్యండి. ఇది మీ సాహిత్యం గెలుపని మాత్రం నేను ఒప్పుకోను. జనం గెలుపు. మీరు పక్కనే ఉన్నారు, అంతవరకు ఒప్పుకుంటాను.

ఇంత సంతోషంగా ఉన్న మనిషికి మీ సున్నా వచ్చింది.

ముందు కోపం మీ మీద రాలేదు. కవర్లో పెట్టి పంపినవాడి మీద వచ్చింది. వయసొచ్చినా బుద్ధి రానివాడు. టీచరు మెప్పు కోసం తహతహలాడేవాడు. కవరు మీద "పంపినవారు" అన్న చోట పేరు రాసుకునే ధైర్యం లేనివాడు. కరపత్రానికి పేరు లేకపోవడం వేరు, ఫిర్యాదుకు పేరు లేకపోవడం వేరు. ఈ తేడా తెలియని మూర్ఖుడు. నాకు అనుమానం మంగంపేట ప్రదీప్‌కుమార్ మీద. అదే, గనుల ఆఫీసులో గుమస్తా, మన కోర్సులోనే ఉన్నాడు. మహానంది కోనేటి నీళ్ల మీద అతను రాసిన వ్యాసానికి, నీళ్లు బాగున్నాయి నాయనా, ఆ మెట్లు కడిగే మనిషేడీ అని నెట్‌లో మన కోర్సు చర్చావేదికలో అడిగినందుకు నాతో మాట్లాడ్డం మానేశాడు. వాళ్ల మేనత్తది ఆత్మకూరే. కరపత్రం చేరడానికి దారి ఉంది. నిరూపించలేను గనక ఇంతటితో ఆపుతున్నాను.

సరే, రాసింది నేనేనని సాక్ష్యం కావాలి. ఊళ్లో సాక్ష్యానికేం కరువని బయల్దేరాను.

ముందు ప్రెస్సుకు పోయాను. ఇది సైఫుల్లా రాసిందేనని ఒక ముక్క రాసివ్వు శెట్టీ అన్నాను. నాగసుబ్బయ్య కళ్లజోడు నెత్తిమీదికి తోసి, "ఏమప్పా సైఫుల్లా, ఎవురు రాసినారని పోలీసోళ్లు వచ్చి అడిగిన ప్రతిసారీ నేనేం చెప్పినా? తెలీదు సార్, ఎవురో ఇచ్చిపోయినారు అని చెప్పినా. ఇన్నేండ్లు తెలీనోనికి ఇయ్యాల యాడనుంచి తెలిసిందని అడిగితే? నిన్ను కాపాడనీకి అబద్ధమాడినా. నీ మార్కులకోసరం నిజం చెప్పి నేను లోపలికి పోవల్నా?" అన్నాడు. న్యాయమే. టీ తెప్పించాడు, తాగి వచ్చాను.

బొజ్జన్న అయితే ఇంకా ఘోరం. కరపత్రం చేతిలో పెట్టి, ఇది ఎవరు రాశారో చెప్పు బొజ్జన్నా అన్నాను. "అదే అన్నా, నేనూ అనుకుంటాండా, ఎవురు రాసినారబ్బా అని. నువ్వు తెచ్చిచ్చినావు, సరే. నీ రాత గాదని అప్పుడే తెలిసిపాయ. ఒక్క తిట్టన్నా లేదు గదా! నువ్వు రాసింటే మైకులో సదవనీకి నాకు గొంతు లేసొస్తాది. ఇది సదువుతాంటే గొంతే లేయల్యా. జనాలు గూడా గమ్మున ఇన్యారు" అన్నాడు. నేనే రాశానురా అంటే, "పో అన్నా, నాతోనా పరాచికాలు" అన్నాడు.

చివరికి హుసేనమ్మ దగ్గరికి పోయాను. ఆమెకు చదువు రాదు, ఎవరిచేతనో రెండుసార్లు చదివించుకుందట. నేనే రాశానమ్మా అంటే నా చెయ్యి పట్టుకుని సముదాయించింది. "నువ్వూ మాకోసం శానా రాసినావులే నాయనా, కాదనడంల్యా. ఇది మాత్రం ఎవురో మా పక్కన కూకోని సూసినోళ్లు రాసినారు" అంది. నేను కూకున్నాను కదమ్మా, పొద్దంతా నీ పక్కనే కదా అన్నాను. "నువ్వు కాంట్రాట్రును సూస్తా కూకుంటివి గదప్పా" అని పక్కామె వైపు తిరిగి బేరంలో పడింది.

ఇదీ నా పరిస్థితి. ముప్పై ఏళ్లుగా నా రాతను ఎరిగిన ఊరు ఊరంతా ఇది నాది కాదంటోంది. మీరూ అదే అంటున్నారు. ఈ ఒక్క విషయంలోనే ఆత్మకూరు, యూనివర్సిటీ ఏకమయ్యాయి.

ఇప్పుడు నా వాదన వినండి. వాళ్లు ఎందుకు కాదంటున్నారు? తిట్లు లేవు కాబట్టి. ఆశ్చర్యార్థకాలు లేవు కాబట్టి. "వెంటనే" అన్న మాట లేదు కాబట్టి. మనిషి చొక్కా ఉంది కాబట్టి. ఇవన్నీ నా రాతలోంచి ఎవరు తీసేశారు, ఎవరు తెచ్చిపెట్టారు? నా నాలుగో పాఠం తీసి చూడండి. దానిమీద మీరు రాసిన వ్యాఖ్యలు చూడండి. తర్వాత ఆ కరపత్రం పక్కన పెట్టుకోండి. మీ చేత చీవాట్లు తిన్న మనిషి తప్ప దాన్ని ఇంకెవరూ రాయలేరు. అంచేత అది నేను రాసిందేననడానికి ఈ లోకంలో ఒకే ఒక్క సాక్షి ఉంది. ఆ సాక్షి మీరే. మీ సాక్ష్యాన్ని మీరే కొట్టేస్తే నేనిక ఎవరి దగ్గరికి పోవాలి?

మీ కోర్సులో నాకు నచ్చనివి ఇంకా చాలా ఉన్నాయి. ఏడో పాఠంలో మళ్లీ ఒక రాజుగారు వచ్చాడు, ఆయన సంగతి నేను విడిగా చూడాలి. చూడాలంటే నేను కోర్సులో ఉండాలి. వారమంతా మైకులూ, వైర్లూ మోసి, ఆ ఉక్కపోత గదిలో తెర మీద మీ వ్యాఖ్య కోసం ఎదురుచూస్తానే, ఆ కాసేపు నేను ఏ యుద్ధంలోనూ ఉండను. మా ఇంట్లో ఇది గమనించారు. "సదువుకుంటాంటే నీ మొగం తేటగా ఉండాది" అని గౌసియా అంది. నా వయసువాడికి ఈ సంగతి చెప్పుకోవడం కొంచెం నామోషీ. సంతకంతో సహా చెప్పమన్నారు కాబట్టి చెప్పాను.

సున్నా తీసేసి నా పేరు నిలబెట్టమని కోరుతున్నాను. వెంటనే అని రాయలేదు, గమనించగలరు.

ఇట్లు,
మొదటిసారి తన రాత కింద తన పేరు పెట్టుకుంటున్న
మీ విద్యార్థి,
సైఫుల్లా.

తా.క.: కవరు అంటించేముందు గౌసియాకు ఉత్తరం చదివి వినిపించాను. ఫిర్యాదు చేసినవాణ్ణి తిట్టిన చోటికి రాగానే బియ్యం చేట కింద పెట్టేసింది. "ఎవున్నయ్యా ఇంతగనం తిడ్తాండావు? నీకేమన్నా మతి పోయిందా? కరపత్రం ఏసినప్పుడల్లా కవర్లమీద అడ్రసులు రాసేది నేను గదా. కలెక్టరు గారిది, పేపరోళ్లది రాసినాక, కడప మేడం గారిది గూడా రాయమని నువ్వే గదా చెప్పినావు? నేను ఎందుకని అడిగితే, ఊరికే, చూస్తుంది అంటివి" అంది.

నిజమే మేడం. మీ కోర్సు కాగితం మీది అడ్రసు చూసి నేనే చెప్పాను. కవర్లన్నీ ఒక కట్టగా పోస్టులో వేసి మర్చిపోయాను. మా కవర్ల మీద పంపినవారి పేరు ఎప్పుడూ ఉండదు. ప్రదీప్‌కుమార్‌కు ఈ రాత్రే చర్చావేదికలో క్షమాపణ రాస్తాను. ఏం జరిగిందో తెలియక ఆ అబ్బాయి తికమకపడతాడు, పడనీ. పంపినవాడి మీద రాసిన తిట్లు మాత్రం కొట్టెయ్యడం లేదు. మళ్లీ చదువుకుంటే ఒక్కటీ అబద్ధం కాదు.

ఆ వారం ఊళ్లో నెట్ లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు, అంతవరకు మీరు దాన్ని చూడకుండా ఉంటారంటే నాకు ఉండబట్టలేదు. అందుకే పంపినట్టున్నాను. మార్కుల మీద నా వాదన పై పేజీల్లో ఉంది, అందులో ఒక్క మాట తగ్గేది లేదు. కానీ మేడం, ఒకసారి తపాలాలో, ఒకసారి నెట్‌లో, రెండుసార్లు అది మీ చేతికొచ్చింది. రెండుసార్లూ ఎవరిదని చూశారు. ఎలా ఉందో చెప్పలేదు. ఒక్క లైను రాయండి చాలు. తిట్టినా సరే.